బయెర్న్ టికెట్: చలికాలంలో మూడు రోజులు వాడి చూసి చెప్తున్న మాట

తిరుపతి బస్టాండులో పదకొండేళ్ళు కంట్రోలర్‌గా కూర్చున్నాను. ఏ బస్సు ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి కదిలింది, ఎందుకు ఆలస్యమైంది అని రాసుకోవడమే నా ఉద్యోగం. రిటైరైనా ఆ అలవాటు పోలేదు. ఏ ఊరికి పోయినా అక్కడి టికెట్టు, టైము, కనెక్షన్ చూడకుండా ఉండలేను. 2023 డిసెంబర్‌లో మా అమ్మాయి దగ్గరికి జర్మనీలోని మ్యూనిక్‌కు పోయినప్పుడు అక్కడి రైలు పాస్ ఒకటి మూడు రోజులు వాడాం. పేరు బయెర్న్ టికెట్. మనం బవేరియా అంటామే, ఆ రాష్ట్రాన్ని అక్కడివాళ్ళు బయెర్న్ అంటారు. దక్షిణ జర్మనీలో పెద్ద భాగం అదే. మన వైపు నుంచి పిల్లల దగ్గరికి పోయి పది పదిహేను రోజులు ఉండి వచ్చే పెద్దవాళ్ళు ఇప్పుడు ఇంటికొకరు ఉన్నారు. వాళ్ళకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

నా తీర్పు ముందే చెప్తాను. ముగ్గురు నలుగురు కలిసి, ఒకే ఊళ్ళో బస పెట్టుకుని, రెండు మూడు రోజులు పొద్దున పోయి రాత్రికి తిరిగొచ్చేటట్టు చుట్టుపక్కల చూసుకునేవాళ్ళకు ఇంతకంటే మంచి టికెట్టు నేను చూడలేదు. అయితే చలికాలంలో దీన్ని వాడాలంటే రెండు గడియారాలు కుదర్చాలి. ఒకటి టికెట్టుది, రెండోది సూర్యుడిది.

టికెట్టు గడియారం ఇట్లా ఉంటుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున 9 గంటలకు మొదలై మర్నాడు తెల్లవారుజామున 3 గంటల దాకా చెల్లుతుంది. శని, ఆదివారాల్లో, పండగ సెలవుల్లో అర్ధరాత్రి నుంచే మొదలవుతుంది. సూర్యుడి గడియారం ఏమిటంటే, డిసెంబర్‌లో మ్యూనిక్‌లో ఎనిమిది గంటలకు గానీ తెల్లారదు. నాలుగున్నరకల్లా పొద్దు గూకుతుంది. అంటే వారం మధ్యలో తొమ్మిది దాటాక రైలెక్కి రెండు గంటలు ప్రయాణం చేస్తే, వెలుతురు మిగిలేది ఐదు గంటలే. ఈ ఒక్క లెక్క తెలియక చాలామంది కోట చూడడానికి పోయి చీకటి చూసి వస్తారు.

ఒక టికెట్టు మీద ఐదుగురి దాకా పోవచ్చు. మేము పోయినప్పుడు మొదటి మనిషికి 29 యూరోలు, ఆపైన మనిషికి పది చొప్పున. నేను, మా ఇంటామె, అమ్మాయి, ముగ్గురికీ కలిపి రోజుకు 49 యూరోలు. అప్పటి రేటుకు 4,400 రూపాయల పైచిలుకు. నాలుగేళ్ళ మనవడికి టికెట్టే అక్కర్లేదు, ఆరేళ్ళ లోపు పిల్లలకు ఉచితం. ఆ తర్వాత ధర పెంచారు కాబట్టి కొనే రోజు చూసుకోండి. ఒక్కరే తిరిగేవాళ్ళకు ఇది మామూలు బేరం. మనుషులు పెరిగే కొద్దీ తలకు పడేది తగ్గుతుంది.

ఎక్కగలిగేవి ప్రాంతీయ రైళ్ళు మాత్రమే. ఐసీఈ, ఐసీ, ఈసీ అని రాసి ఉండే దూరప్రయాణపు రైళ్ళకు చెల్లదు. ఫోన్‌లో వాళ్ళ రైల్వే యాప్ డీబీ నావిగేటర్ తీసి, లోకల్ రవాణా మాత్రమే చూపించమని టిక్ పెట్టుకోవాలి. ఆ టిక్ పెట్టకపోతే మనం ఎక్కకూడని రైళ్ళే పైన కనిపిస్తాయి. ఇదే టికెట్టు మ్యూనిక్ లోపల ఎస్‌బాన్ అనే లోకల్ రైలుకు, యూబాన్ అనే మెట్రోకు, ట్రాముకు, సిటీ బస్సుకు చెల్లుతుంది. అదే రాష్ట్రంలోని నురెంబర్గ్ ఊరికి పోతే అక్కడి ట్రాముకూ చెల్లుతుంది. మన సప్తగిరి బస్టాండులో ఇచ్చే తిరుమల రానుపోను టికెట్టు ఒక్క కొండకే. ఇది మొత్తం రాష్ట్రానికి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఇట్లాంటిది మన దగ్గరా ఉంటే ఎంత బాగుండునని అనుకున్నవాణ్ణి, అందుకే దీన్ని చేతిలో పట్టుకుంటే నాకు సంతోషంగా అనిపించింది.

పేర్ల సంగతి మర్చిపోవద్దు. టికెట్టు మీద ప్రయాణం చేసేవాళ్ళ పేర్లు రాసి ఉండాలి. మిషన్‌లో కొంటే చీటీ మీద ఖాళీ గీతలు వస్తాయి, పెన్నుతో మనమే నింపాలి. మొదటి రోజు టికెట్టు చూసే ఆమె మా పేర్లు చదివి, పాస్‌పోర్టు అడిగి, రెండూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూసింది. మా ఇంటిపేరు పొడుగు. ఆమె ఓపిగ్గా చివరి దాకా చదివి, నవ్వి, చీటీ తిరిగిచ్చింది. పెన్ను జేబులో పెట్టుకునే బయల్దేరండి.

ఇదంతా నేనే ఎందుకు కూర్చుని వేసుకోవాల్సి వచ్చిందో కూడా చెప్పాలి. మొదట మా ఊళ్ళోనే ఒక ట్రావెల్స్ వాళ్ళను అడిగాను. ఆరు రోజుల ప్యాకేజీ ఇచ్చారు. నాలుగు హోటళ్ళు, రోజూ పొద్దున పెట్టెలు సర్దడం, రోజూ సాయంత్రం పెట్టెలు విప్పడం. చలికాలంలో మంచు మీద, బురద మీద అరవై ఏళ్ళ మనుషులు పెట్టెలు లాగుతూ తిరగాలని రాసినవాడు ఆ చలిలో ఒక్క రోజైనా నడిచి ఉండడు. దానికంటే బాధ పెట్టింది ఇంకొకటి. నాయ్‌ష్వాన్‌స్టైన్ కోటను డిసెంబర్ 24కు పెట్టారు. ఆ కోట డిసెంబర్ 24, 25, 31 తేదీల్లోనూ జనవరి 1నా మూసి ఉంటుంది. కోట వాళ్ళ సొంత వెబ్‌సైటులోనే రాసి ఉంది. నేను చూపిస్తే, "బయట నుంచి చూడొచ్చు సార్" అన్నారు. అడ్వాన్సు వెనక్కి అడిగితే సగం కోసుకుని ఇచ్చారు. టూరు అమ్మేవాడు తలుపు తెరిచి ఉండే రోజు కూడా చూడకపోతే, ఇక వాడికిచ్చే డబ్బు దేనికి?

ఆ కోపంతోనే ఒక తెల్ల కాగితం తీసి, డిపోలో చార్టు వేసినట్టు గళ్ళు గీశాను. మా అల్లుడు ఫోన్‌లో ఒక మాట చెప్పాడు, "మామా, అన్ని రోజులూ నింపొద్దు, ఒక రోజు ఖాళీ పెట్టండి." ఆయన మాట నిజమే. మేము బయల్దేరడానికి ముందు డిసెంబర్ 2న మ్యూనిక్‌లో 44 సెంటీమీటర్ల మంచు పడి, ఎయిర్‌పోర్టు మూసేశారు, రైళ్ళు నిలిచిపోయాయి. ఆ వారంలోనే 7వ తారీఖు రాత్రి పది నుంచి 8వ తారీఖు రాత్రి పది దాకా రైలు డ్రైవర్ల సంఘం సమ్మె చేసింది. సమ్మె అంటే ఏమిటో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. డిపోలో ఒక స్పేర్ బస్సు ఎట్లా ఉంచుతామో, చలికాలం టూరులో ఒక స్పేర్ రోజు అట్లా ఉంచుకోవాలి.

చార్టులో నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. దూరం పోయేది, వెలుతురులో చూడాల్సింది శనివారం. దీపాల వెలుగులో చూడాల్సింది, దగ్గరలోనిది వారం మధ్యలో.

శనివారం, డిసెంబర్ 16. కోట. మ్యూనిక్ నుంచి కోట దగ్గరి ఊరు ఫ్యూసెన్‌కు రెండు గంటలు. తెల్లారకముందే స్టేషన్‌కు పోయాం. మ్యూనిక్ పెద్ద స్టేషన్‌లో 27 నుంచి 36 దాకా ప్లాట్‌ఫారాలు ఒక పక్కకు విడిగా ఉంటాయి. పెద్ద హాలు నుంచి అక్కడికి నడవడానికి పది నిమిషాలు పెట్టుకోవాలి, పైగా స్టేషన్‌ను పడగొట్టి కొత్తగా కడుతున్నారు, దారులు చుట్టూ తిప్పుతాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు రైలు టైముకు ఇరవై నిమిషాల ముందే చేరుకోవడం మంచిది.

రైలు తలుపు దానంతటది తెరుచుకోదు. గుండ్రటి మీట ఒకటి ఉంటుంది, దాన్ని నొక్కాలి. మనవడికి ఆ మీట నొక్కడమే పండగ. పొలాలన్నీ తెల్లగా ఉన్నాయి, ఇళ్ళ కప్పుల మీద మంచు మందంగా, మన ఇళ్ళల్లో పిండి వడియాలు పోసిన గుడ్డ మాదిరి అంచులకు ముడతలు పడి ఉంది. తొమ్మిదిన్నర తర్వాత కొండలు కనపడ్డాయి. మా ఇంటామె అప్పటిదాకా శాలువాలో ముఖం దాచుకుని కూర్చుని ఉన్నది, కొండలు చూసి శాలువా తీసేసింది.

ఫ్యూసెన్ స్టేషన్ బయటే బస్సు. 73, 78 నంబర్లు. అదే టికెట్టు చూపిస్తే చాలు. దిగిన చోట రెండు కోటలు కనిపిస్తాయి. పసుపు రంగుది హోహెన్‌ష్వాంగావ్, బవేరియా రాజు రెండో లుడ్విగ్ చిన్నప్పుడు పెరిగింది. పైన కొండ మీద తెల్లగా ఉండేది నాయ్‌ష్వాన్‌స్టైన్, ఆయన 1869లో కట్టడం మొదలుపెట్టింది. పూర్తి కాకముందే 1886 జూన్ 13న ఆయన ష్టార్న్‌బెర్గ్ చెరువులో చనిపోయాడు. తన కోటలో ఆయన ఉన్నది మొత్తం 172 రోజులట. ఆయన పోయిన ఏడు వారాలకే జనానికి తెరిచారు. 2025 జూలైలో యునెస్కో జాబితాలోకి కూడా ఎక్కింది, కాబట్టి ఇక మీదట జనం ఇంకా పెరుగుతారు.

కోట టికెట్టు టైము వేసి ఇస్తారు. మన తిరుమల దర్శనానికి టైము వేసి ఇచ్చే ఎస్‌ఎస్‌డీ టోకెన్ ఎట్లాగో ఇదీ అట్లాగే, మీ టైము దాటితే లోపలికి పంపరు. ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. లోపల తిప్పేది అరగంట పైన కొంచెం, ఫోటోలు తీయనివ్వరు. కోట చలికాలంలో పది నుంచి నాలుగు దాకానే. కాబట్టి మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో టైము తీసుకుంటే రైలు ఆలస్యమైనా ఇబ్బంది ఉండదు.

కింది నుంచి కోటకు నడక అరగంట నుంచి నలభై నిమిషాలు, అంతా ఎగువ. మామూలు రోజుల్లో ఒక చిన్న బస్సు ఉంటుంది కానీ మంచు పడి జారుడుగా ఉంటే తిప్పరు. మేము పోయిన రోజు తిప్పలేదు. గుర్రపు బండి ఉంది. అది కూడా కోట వాకిలి దాకా పోదు, దిగాక పది నిమిషాలు ఎక్కాలి. అలిపిరి 3,550 మెట్లు మొక్కుకుని ఎక్కిన మనిషి మా ఇంటామె. "నడుద్దాం పదండి" అన్నది. నడిచింది కూడా. అయితే చీర కట్టుకుని నడిచింది. చీర లోపల థర్మల్ ప్యాంటు, కాళ్ళకు ఉన్ని మేజోళ్ళు, బూట్లు అన్నీ వేసింది కానీ కుచ్చిళ్ళ అంచు మంచు మీద ఈడ్చుకుంటూ వచ్చింది. తడిసిన అంచు పైకి పోయేసరికి బిగుసుకుని, గంజి ఎక్కువైన పంచె మాదిరి గరగరలాడింది. అది బూటుకు తగిలినప్పుడల్లా చప్పుడు. అమ్మాయి వంగి రెండు చేతులతో ఆ అంచు నలిపి మెత్తన చేసింది, మళ్ళీ పది అడుగులకు అంతే. మర్నాటి నుంచి మా ఇంటామె అమ్మాయి చుడీదార్‌లే వేసుకుంది. ఇది చదివే ఆడవాళ్ళకు నా విన్నపం, మంచులో నడిచే రోజుకు చీర వద్దు. పట్టుబట్టి కట్టుకుంటే మడమ పైకి కట్టుకోండి.

కోట వెనక లోయ మీద మారియెన్‌బ్రూకె అనే ఇనుప వంతెన ఉంది. పోస్టర్లలో చూసే ఫోటో అక్కడి నుంచి తీసిందే. మంచు, జారుడు ఉంటే మూసేస్తారు. మేము పోయేసరికి గేటు వేసే ఉంది. ఆ ఒక్క ఫోటో కోసమే చలికాలంలో పోవద్దు. కోట ముందు నిలబడి కిందికి చూస్తే గడ్డకట్టిన పొలాలు, నల్లటి అడవి, ఊపిరి పీల్చిన చప్పుడు కూడా వినిపించేంత నిశ్శబ్దం. నేను ఏడు కొండల నీడలో పుట్టి పెరిగినవాణ్ణి, కొండ అంటే నాకు గోవింద నామం, జనం, అరుపు. అంత మౌనంగా ఉండే కొండ నాకు కొత్త. అక్కడ పావుగంట ఊరికే నిలబడ్డాను.

నాలుగుకు ఫ్యూసెన్ చేరాం, నాలుగున్నరకు చీకటి. ఏడు లోపు ఇంట్లో ఉన్నాం.

ఆదివారం చార్టులో ఏమీ పెట్టలేదు. జర్మనీలో ఆదివారం దుకాణాలు మూత. పాలు, పెరుగు, కూరగాయలు శనివారమే తెచ్చుకోవాలి, లేకపోతే పెద్ద స్టేషన్లలో ఉండే అంగళ్ళే దిక్కు. క్రిస్మస్‌కు 25, 26 రెండు రోజులూ ఇంతే, 24 మధ్యాహ్నం నుంచే మూసేస్తారు. మేము ఆ రోజు మ్యూనిక్‌లోనే మారియెన్‌ప్లాట్జ్ అనే మైదానానికి పోయి, మునిసిపల్ ఆఫీసు గోపురంలో పదకొండు గంటలకు ఆడే గంటల బొమ్మలు చూసి వచ్చాం. ధనుర్మాసం మొదలైంది కాబట్టి మా ఇంటామె అంతకుముందే చీకట్లో లేచి తిరుప్పావై చదువుకుంది. కిటికీ బయట మంచు కరిగి కారుతూ ఉంది.

మంగళవారం, 19న నురెంబర్గ్. ఇది వారం మధ్యలోకి ఎందుకు వేశానంటే, అక్కడి క్రిస్మస్ సంతకు చీకటే అందం. తొమ్మిది దాటాక రైలు పట్టుకున్నా నష్టం లేదు. శనివారం పోతే జనంలో అడుగు పెట్టే చోటుండదని మా అల్లుడు చెప్పాడు. రైలు గంటా నలభై ఐదు నిమిషాలు. మధ్యాహ్నం పన్నెండు లోపు హౌప్ట్‌మార్క్ట్ అనే మైదానానికి చేరండి. అక్కడి చర్చి గోడ మీద ఐదు వందల ఏళ్ళ నాటి గడియారం ఉంది. పన్నెండుకు అందులోంచి ఏడుగురు బొమ్మ సామంతులు బయటికొచ్చి, మధ్యలో కూర్చున్న చక్రవర్తి చుట్టూ మూడుసార్లు తిరుగుతారు. మనవడు "తాతా, ప్రదక్షిణ చేస్తా ఉండారు!" అని గట్టిగా అరిచాడు. పక్కనున్న జర్మన్ ముసలాయన అది తెలుగని తెలియకపోయినా తల ఊపాడు.

క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలను అడ్వెంట్ అంటారు. సంత అందులో మొదటి ఆదివారానికి ముందు వచ్చే శుక్రవారం మొదలై డిసెంబర్ 24తో అయిపోతుంది. ఎరుపు తెలుపు చారల గుడ్డ కప్పిన చెక్క అంగళ్ళు వరసగా ఉంటాయి. ఎండు ఆల్‌బుఖారా పళ్ళను తీగకు గుచ్చి, వాల్‌నట్ కాయ తలకాయగా పెట్టి, చొక్కా టోపీ తొడిగిన బొమ్మలు అక్కడి ప్రత్యేకం. ఒకటి మా ఇంటి బొమ్మల కొలువు కోసం తెచ్చాం, సంక్రాంతికి మెట్ల మీద కూర్చుంది కూడా.

తిండి విషయం ఇక్కడే చెప్తాను, ఎందుకంటే శాకాహారులకు అసలు కష్టం సంతల్లోనే. ఎటు చూసినా సాసేజ్ వాసన. మాకు దొరికినవి: పొయ్యి మీద కాల్చిన చెస్ట్‌నట్ కాయలు, కాగితం పొట్లంలో వేడివేడిగా ఇస్తారు. మన చిలగడదుంపలు కాల్చిన వాసన, రుచిలో కూడా ఆ దగ్గరే. బ్రెట్‌జెల్ అనే ఉప్పు రొట్టె. బంగాళదుంప తురిమి నూనెలో వేయించి ఆపిల్ గుజ్జుతో ఇచ్చే అట్టు. ఈ అట్టులోనూ, అక్కడ పేరున్న చీజ్ నూడుల్స్ కేజెష్పెట్జ్‌లెలోనూ కోడిగుడ్డు కలుస్తుంది, గుడ్డు తినని వాళ్ళు అడిగి తీసుకోండి. నురెంబర్గ్ లేబ్‌కూహెన్ అనే మసాలా బిస్కెట్టులోనూ గుడ్డు ఉండేవే ఎక్కువ. తాగడానికి అందరూ పట్టుకునేది గ్లూవైన్, అది వేడి చేసిన ద్రాక్ష సారాయి. పిల్లలకని కిండర్‌పున్ష్ అమ్ముతారు, అది పళ్ళరసం వేడి చేసి లవంగం, చెక్క వేసింది. మా ఇంటామె ఒకటి తాగి ఇంకొకటి అడిగింది. కప్పుకు అదనంగా డిపాజిట్ కట్టించుకుంటారు. కప్పు తిరిగిస్తే డబ్బు ఇస్తారు, నచ్చితే కప్పే ఇంటికి తెచ్చుకోవచ్చు.

మిగతా రోజులన్నీ మా ఇంటామె డబ్బాలో పులిహోర, వేడినీళ్ళ ఫ్లాస్కు పెట్టింది. ప్రాంతీయ రైళ్ళలో మన తిండి మనం తినొచ్చు, ఎవరూ ఏమీ అనరు. చింతపండు పులిహోర చలికి చెడదు, ఆవకాయ అన్నం మాత్రం వాసనకు పక్కవాళ్ళు లేచి పోతారని అమ్మాయి పెట్టనివ్వలేదు. నేను ఒప్పుకున్నాను, పక్కనున్న మనిషిని చూసుకోవడం ప్రయాణంలో మొదటి మర్యాద.

మూడోది బుధవారం, 20న టెగర్న్‌సే. కొండల మధ్య ఆరు కిలోమీటర్ల పైన పొడుగున్న చెరువు. మ్యూనిక్ నుంచి గంట ప్రయాణం, అందుకే తొమ్మిది తర్వాత బయల్దేరినా పగలు మిగులుతుంది. చెరువు గట్టున ఎనిమిదో శతాబ్దపు మఠం ఉంది, తర్వాత రాజులది అయ్యింది. అమ్మాయికి ఆ రోజు పని పడింది. మేము ఇద్దరం, మనవడు పోయాం. ఇద్దరికి 39 యూరోలు.

ఈ రైలు గురించి జాగ్రత్తగా చదవండి. మ్యూనిక్‌లో ఒకే రైలుగా బయల్దేరుతుంది, దారిలో మూడు ముక్కలవుతుంది. హోల్జ్‌కిర్ఖెన్‌లో ఒక ముక్క బయ్‌రిష్‌జెల్‌కు విడిపోతుంది. షాఫ్ట్‌లాఖ్‌లో మిగిలింది రెండవుతుంది, ఒకటి లెంగ్రీస్‌కు, ఒకటి టెగర్న్‌సేకు. పెట్టె బయట, తలుపు పక్కన ఆ ముక్క పోయే ఊరి పేరు వెలుగుతూ ఉంటుంది. ప్లాట్‌ఫారం మీది బోర్డు చూసి ఎక్కితే సరిపోదు, పెట్టె మీది పేరు చూసి ఎక్కాలి.

మేము సరైన పెట్టెలోనే ఎక్కాం. దారిలో మనవడికి పాస్ వచ్చింది. మా పెట్టెలో టాయిలెట్ ఖాళీగా లేక, హోల్జ్‌కిర్ఖెన్‌లో రైలు ఆగినప్పుడు దిగి పక్క ముక్కలోకి ఎక్కాం. అక్కడ సీట్లు బాగున్నాయని అక్కడే కూర్చున్నాం. షాఫ్ట్‌లాఖ్‌లో ఎక్కువసేపు ఆగింది, కుదుపు ఒకటి వచ్చింది. ఆ కుదుపు నాకు తెలుసు. రేణిగుంటలో బోగీలు విడదీసేటప్పుడు వచ్చే కుదుపే. కిటికీలోంచి చూస్తే మేము ఉండాల్సిన ముక్క పక్కకు తిరిగి పోతా ఉంది. "ఇదో, మన రైలు అట్లా పోతా ఉండాదే!" అన్నది మా ఇంటామె. గుండె ఝల్లుమన్నది, చేతిలో చిన్నపిల్లాడు, భాష రాదు.

తర్వాత పెద్ద స్టేషన్ బాడ్ ట్యోల్జ్‌లో దిగాం. ఎదురుగా వచ్చే రైలు కోసం కూర్చుని, మళ్ళీ షాఫ్ట్‌లాఖ్ దాకా వెనక్కి వచ్చి, టెగర్న్‌సే రైలు పట్టుకున్నాం. గంట పైన పోయింది. ఆ వెనక్కి వచ్చే రైలులో టికెట్టు చూసేవాడు వచ్చాడు. నేను లేచి నిలబడి చీటీ ఇచ్చి, వేలితో కిటికీ చూపించి, ఎక్కడ ఎక్కామో ఎక్కడికి పోవాలో సైగలతో చెప్పాను. అతను చీటీ చూసి, "ఓకే, ఓకే" అని తిరిగిచ్చాడు. ఒక పైసా అడగలేదు. అడగడానికి లేదు కూడా, ఆ రోజు ఆ రాష్ట్రంలో ఏ ప్రాంతీయ రైలు ఎక్కినా ఆ చీటీకి హక్కు ఉంది. విడిగా టెగర్న్‌సేకు మాత్రమే టికెట్టు కొనుక్కుని ఉంటే ఆ రోజు నా పరిస్థితి వేరు. చార్జీ ఎంత మిగిలింది అన్నదానికంటే, దారి తప్పినా తప్పు లేని టికెట్టు అన్నది నాకు పెద్ద విషయం. భాష రాని ఊళ్ళో పెద్దవాళ్ళకు ఆ ధైర్యమే కావాలి.

టెగర్న్‌సే చేరేసరికి రెండయింది. చెరువు పైన ఆవిరి లేస్తూ ఉంది, మనవడు గట్టున గులకరాళ్ళు ఏరి ఒక్కొక్కటే నీళ్ళలో వేశాడు. రెండు గంటలు ఉన్నాం. చాలింది.

ఇక డబ్బు లెక్క. మా ఖర్చు కోటకు 49, నురెంబర్గ్‌కు 49, చెరువుకు 39. మొత్తం 137 యూరోలు. అల్లుడి దగ్గర డాయ్‌ష్‌లాండ్ టికెట్ ఉంది. నెలకు అప్పట్లో మనిషికి 49 యూరోలు, ఇప్పుడు అది కూడా పెరిగింది. దేశమంతా ప్రాంతీయ రైళ్ళకు, బస్సులకు చెల్లుతుంది, తొమ్మిది గంటల ఆంక్ష లేదు. మా ముగ్గురికీ అది కొని ఉంటే 147. అంటే మూడు రోజులకు రెండూ ఇంచుమించు సమానం, నాలుగో రోజు తిరిగి ఉంటే డాయ్‌ష్‌లాండ్ టికెట్టే లాభం. అయితే అది నెలనెలా కొనసాగే చందా. నెలాఖరుకు ఆపాలంటే ఆ నెల 10వ తారీఖు లోపు రద్దు చెప్పాలి. మేము దిగిందే 14న. కొని ఉంటే జనవరికి కూడా డబ్బు పోయేది. కాబట్టి నెల మొదట్లో దిగి చాలా రోజులు తిరిగేవాళ్ళు దాన్ని చూడండి, నెల మధ్యలో దిగి రెండు మూడు రోజులు తిరిగేవాళ్ళకు బయెర్న్ టికెట్టే సరి.

బయెర్న్ టికెట్టుతో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ స్టేషన్ దాకా కూడా పోవచ్చు. మోజార్ట్ పుట్టిన ఊరది. రానుపోను నాలుగు గంటలు రైలులో కూర్చోలేనని మా ఇంటామె అనడంతో మానుకున్నాం. పోయేవాళ్ళు పాస్‌పోర్టు తప్పక పెట్టుకోండి, తిరిగొచ్చేటప్పుడు సరిహద్దులో పోలీసులు రైలెక్కి చూస్తారు.

టికెట్టులో నాకు నచ్చనిది ఒకటే. ఆ తొమ్మిది గంటల నిబంధన ఆఫీసు రద్దీ కోసం పెట్టిందని నాకు అర్థమవుతుంది, నేనూ ఆ పనిలోనే ఉన్నవాణ్ణి. కానీ పగలు ఎనిమిది గంటలే ఉండే డిసెంబర్, జనవరి నెలల్లో ఒక గంట ముందుకు జరిపితే ఎంతోమంది ముసలివాళ్ళు, చిన్నపిల్లలు వెలుతురులోనే ఇళ్ళకు చేరుకుంటారు.

ఈ సంవత్సరం డిసెంబర్‌లో మా వియ్యంకుడుగారు, వదినగారు పోతున్నారు. మొన్న మదనపల్లె నుంచి వచ్చి నా చార్టు అడిగి తీసుకున్నారు. పాత కాగితమే ఇచ్చాను. పైన 9 చుట్టూ, కింద నాలుగున్నర చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, షాఫ్ట్‌లాఖ్ దగ్గర "పెట్టె మీది పేరు చూడండి" అని రాసి ఇచ్చాను. వదినగారికి మా ఇంటామె చుడీదార్ కొలతలు తీసుకుంటా ఉంది.